ఏ సాల్ట్ పెట్టినా మంట పసుపే వస్తోందా?

సాల్ట్ అనాలిసిస్ (ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టే ప్రాక్టికల్) మొదలైన పావుగంటకే ఈ ఫిర్యాదు వస్తుంది. జ్వాలా పరీక్షలో మంట కాల్షియంకి ఇటుక ఎరుపు, బేరియంకి ఆపిల్ పచ్చ రావాలని రికార్డులో ఉంటుంది. సాల్ట్ అంటించిన తీగ మంటలో పెట్టగానే మాత్రం భగ్గుమని పసుపు. పక్క టేబుల్ మీదా అంతే. వెంటనే "సాల్ట్ పాడైపోయింది సార్, వేరేది ఇవ్వండి" అంటూ బయల్దేరతారు. సాల్ట్‌కి ఏమీ కాలేదు. ఆ పసుపు చాలావరకు సోడియంది. అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి.

ముందు తీగ లేకుండా మంట చూడండి

తీగ పెట్టకముందే మంట పసుపుగా ఉంటే, బర్నర్ గాలి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. ఆ మంటలో పరీక్షనాళిక పెడితే మసి పడుతుంది. రంధ్రం తెరవండి, సరిపోతుంది. మసి పట్టకుండా పసుపు చారలు వస్తుంటే బర్నర్ గొట్టంలో ఎవరో సాల్ట్ రాల్చారు. ఇంకో బర్నర్ తీసుకోండి.

తర్వాత ఉత్త తీగ, ఆ తర్వాత ఆమ్లంలో ముంచిన తీగ

ఉత్త తీగను అందరూ ఒకసారి కాల్చి చూస్తారు. ఆమ్లంలో ముంచి, సాల్ట్ అంటించకుండా కాల్చి చూడమంటే మాత్రం ఎవరూ చూడరు. ఎంత చెప్పినా ఈ ఒక్కటీ వదిలేస్తారు. అసలు దొంగ దొరికేది అక్కడే.

వాచ్ గ్లాస్‌లో (లోతు తక్కువ గాజు పళ్లెం) గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి టేబుల్ మధ్యలో పెడతారు. నలుగురూ అందులోనే ముంచుతారు. తీగకు మిగిలిన సాల్ట్, చేతి చెమట, బెంచీ మీది మరకలు అన్నీ ఆ నాలుగు చుక్కల్లోకే దిగుతాయి. ఇక అక్కడి నుంచి తీగను ఎన్నిసార్లు కడిగితే అన్నిసార్లు దానికి సోడియం పూస్తున్నట్టే. "సార్, పదిసార్లు కడిగాను" అనే అబ్బాయి మంటే అందరికంటే పసుపుగా ఉంటుంది.

సాల్ట్‌లో లేని సోడియం బెంచీ మీదికి ఎలా వచ్చిందంటారా? మీ ముందున్న సీసాలు చూడండి. సోడియం హైడ్రాక్సైడ్, సోడియం కార్బనేట్, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్. కార్బనేట్ ఎక్స్‌ట్రాక్ట్ (సాల్ట్‌ని సోడియం కార్బనేట్‌తో మరిగించి తీసే ద్రావణం) మరిగిస్తుంటే పైకి చిమ్మే తుంపర్లకే పక్క బర్నర్ పసుపు తిరుగుతుంది. అందుకే జ్వాలా పరీక్ష ముందు ముగించుకుని, ఎక్స్‌ట్రాక్ట్ తర్వాత పెట్టుకోమనేది.

ఇంత కొంచెం సోడియంకి అంత రంగా అని కొట్టిపారేయకండి. సోడియం చివరి కక్ష్యలో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్ మంట వేడికి పై శక్తిస్థాయి 3పీకి ఎగిరి, తిరిగి పాత స్థాయి 3ఎస్‌కి దిగుతూ 589.0, 589.6 నానోమీటర్ల కాంతి వదులుతుంది. మన కన్ను బాగా పట్టే రంగుల్లో అదొకటి. పొటాషియం ఎరుపు గీతలేమో 766, 770 దగ్గర, కంటికి ఆనే అంచున ఉంటాయి. రెండూ కలిస్తే పసుపుదే పైచేయి. 1860లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ గదిలో ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్ పేల్చి, దూరంగా ఉన్న మంటను వర్ణపటదర్శినిలో (కాంతిని రంగు గీతలుగా విడదీసి చూపే పరికరం) చూస్తే కొద్ది నిమిషాలకు పసుపు గీత మెరిసింది. ఆ మంటకు చేరినదానికంటే మీ వాచ్ గ్లాస్‌లో ఉన్నది చాలా ఎక్కువే.

పరిష్కారానికి రెండు వాచ్ గ్లాసులు కావాలి. ఒకటి తీగ కడగడానికి, ఇంకొకటి సాల్ట్‌ని ముద్ద చేయడానికి. రెండింటినీ డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, సీసాలోంచి కొత్త ఆమ్లం పోసుకోండి. కడిగే ఆమ్లంలో ముంచి కాల్చండి, మళ్లీ ముంచి కాల్చండి. మంటలో రంగు కనిపించకుండా పోయే వరకూ ఇదే పని. మధ్యలో ఆమ్లం పారబోసి కొత్తది పోయాలి. తీగ కొసను వేలితో సరిచేయొద్దు, చేసిన పని మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. కొత్త ఆమ్లంతోనూ పసుపు పోకపోతే సీసాలోని ఆమ్లమే కల్తీ అయి ఉంటుంది. ల్యాబ్ అటెండర్‌ని అడిగి వేరే సీసా తెప్పించుకోండి.

టైం లేకపోతే నీలి కోబాల్ట్ గాజులోంచి చూడండి. పసుపును అది మింగేస్తుంది. అయితే ఆ గాజులోంచి కాల్షియం ఆకుపచ్చగా, స్ట్రాన్షియం ఊదాగా, బేరియం నీలి పచ్చగా కనిపిస్తాయి. గాజులో ఆకుపచ్చ చూసి బేరియం అని రాసేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. గాజుతో చూశారో, లేకుండా చూశారో రికార్డులో తప్పకుండా రాయండి.

మిగతావి

తీగ బిగించిన గాజు కడ్డీ మంటలోకి వెళ్లినా పసుపు వస్తుంది. కొంచెం వెనక్కి పట్టుకోండి. నిక్రోమ్ తీగ కొస మాడి పొట్టు లేస్తుంటే అంతవరకు కత్తిరించండి. డిస్టిల్డ్ వాటర్‌ని అనుమానించేవాళ్లూ ఉన్నారు, అది చాలా అరుదు.

ఇన్ని చేసినా రంగు తేలకపోతే జ్వాలతో కుస్తీ పట్టకుండా గ్రూప్ టెస్టులకు, అంటే అవక్షేపాలతో గుర్తించే పరీక్షలకు, వెళ్లిపోండి. కాల్షియంకి అమ్మోనియం ఆక్సలేట్‌తో తెల్లటి అవక్షేపం, బేరియంకి పొటాషియం క్రోమేట్‌తో పసుపు అవక్షేపం వస్తాయి. మంట పసుపుగా ఉంది కదా అని కేటయాన్ (లవణంలోని ధన అయాన్) దగ్గర సోడియం మాత్రం రాయకండి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో వెతకమనే కేటయాన్లలో అది లేనే లేదు.