ఇంటి తోటకు మట్టి తోలించుకునేవాళ్లకు: ట్రక్కు లేవకముందే చూసుకోవాల్సినవి

మట్టి గేటు ముందు పడ్డాక వెనక్కి పంపడం అయ్యే పని కాదు. డ్రైవర్ ఎత్తుకెళ్లడు, ఎత్తించాలంటే మళ్లీ జేసీబీ, మళ్లీ కూలీ. అందుకే చూడటం, కొలవడం, బేరం అన్నీ ట్రక్కు లేవకముందే అయిపోవాలి.

ముందు లెక్క. లాన్‌కు 6 అంగుళాల మంచి మట్టి కావాలి, కూరగాయల మడులకు 9 నుంచి 12 అంగుళాలు. 600 చదరపు అడుగుల లాన్ అనుకుంటే 600ను అర అడుగుతో గుణిస్తే 300 ఘనపు అడుగులు. అయితే తోలిన మట్టి గుల్లగా ఉంటుంది. నీళ్లు పట్టాక సుమారు ఐదో వంతు అణుగుతుంది. కాబట్టి 300 నిలవాలంటే 375 తెప్పించాలి. ఇందులో ఇసుక, ఎరువు కూడా కలిసే ఉన్నాయని మరిచిపోవద్దు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు అనుకుంటే తోలించాల్సిన మట్టి 190 ఘనపు అడుగులే. చాలామంది మొత్తానికీ మట్టే చెప్పేసి, తర్వాత ఎరువుకు చోటు లేక అవస్థ పడతారు.

ట్రాక్టర్ లోడు అంటే 100 ఘనపు అడుగులని నోటిమాటగా చెబుతారు. అది తొట్టిని బట్టి మారుతుంది. టేపు పెట్టి లోపలి కొలత తీసుకోండి. 9 అడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటే 99 వస్తుంది. ఎత్తు ఒకటిన్నర అడుగే ఉంటే 75 కూడా రాదు. నడుమ గోపురంలా పోసి మూలలు ఖాళీగా వదలడం మామూలే. పారతో సమం చేయించి చూడండి. ట్రిప్పుకు ఇంత అని కాక, ఘనపు అడుగుకు ఇంత అని ధర మాట్లాడుకుంటే ఈ తగవే ఉండదు. మీరు లేనప్పుడు దించేశారనుకోండి, కుప్ప చుట్టుకొలతను దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, 38తో భాగించండి. చుట్టుకొలత 30 అడుగులు, ఎత్తు 4 అడుగులైతే దాదాపు 95 ఘనపు అడుగులు. కుప్ప గుండ్రంగా ఉంటేనే ఈ లెక్క సరిగ్గా పనికొస్తుంది.

ఇక అసలు సంగతి, ఏ మట్టి? ‘ఎర్రమట్టి’ అని అడిగితే మొరం కూడా ఎర్రగానే వస్తుంది. మొరం బేస్‌మెంట్ నింపడానికి బాగుంటుంది, గడ్డికి పనికిరాదు. సెల్లార్ తవ్వకాల మట్టి చౌకగా దొరుకుతుంది గానీ లోతు నుంచి వచ్చింది కాబట్టి అందులో సేంద్రియ పదార్థం ఉండదు, పైగా రాళ్లు, కాంక్రీటు ముక్కలు కలిసి వస్తాయి. నల్లరేగడి సారవంతమే, కానీ వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, లాన్ ఎగుడుదిగుడవుతుంది. చెరువు పూడిక మట్టి మంచి బలం. అయితే అందులో బంక పాలు ఎక్కువ, అదొక్కటే పరిస్తే నీరు ఇంకదు. ఎర్రమట్టిలో నాలుగో వంతుకు మించకుండా కలపండి. అది చెరువులు ఎండే ఏప్రిల్, మే నెలల్లోనే దొరుకుతుంది.

వీలైతే తవ్వే చోటికి వెళ్లి చూడండి. కుదరకపోతే కిలో నమూనా తెప్పించుకోండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచితే అడుగున ఇసుక, పైన ఒండ్రు, ఆపైన బంక పొరలుగా తేరుతాయి. తేరిన మట్టిలో బంక మూడో వంతు దాటితే ఇసుక పెంచాలి. ఎండిన చిన్న పెళ్లను వాన నీటిలో కదపకుండా వేసి చూడండి. చుట్టూ పాలలా తెల్లగా కమ్ముకుంటే సోడియం ఎక్కువున్న చౌడు కావచ్చు. ఆ మట్టిని ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి. పెద్ద తోటకైతే భూసార పరీక్ష చేయించడం మేలు. ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7.5 మధ్య ఉండాలి, లవణ సూచిక (ఈసీ) 1 దాటకూడదు.

నమూనాలో నల్లటి చిన్న గడ్డలు, వాటికి దారాల్లాంటి వేళ్లు కనిపిస్తే అది తుంగ. లాన్‌లోకి తుంగ చేరితే ఏళ్ల తరబడి వదలదు. పీకితే తెగిపోయి గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా దీనికే భయపడాలి. ఎరువు కూడా నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉండాలి. పచ్చి పేడ వేస్తే వేరు పురుగులు, చెదలు తప్పవు.

నగరంలో పగలు లారీలకు ఆంక్షలుంటాయి కాబట్టి టిప్పర్ తరచూ రాత్రి వస్తుంది. చీకట్లో మట్టి చూడలేరు. పగలే రమ్మంటే ట్రాక్టర్ మేలు. మట్టి తవ్వకానికి గనుల శాఖ అనుమతి, బండికి రవాణా పర్మిట్ ఉన్నాయా అని కూడా అడగండి.

బండి నిలిచే చోటు ముందురోజే చూసుకోండి. చాలా ఇళ్లలో గేటు లోపలే నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు ఉంటాయి. 100 ఘనపు అడుగుల మట్టే సుమారు 4 టన్నులు, బండి బరువు వేరు. చక్రం ఆ మూతల మీదికి రాకూడదు. తొట్టి లేచేటప్పుడు పైన కరెంటు తీగలు ఉండకూడదు. పోర్టికో పైనో, డాబా మీదో కుప్ప పోయించడం మరీ ప్రమాదం. జనం తిరిగే డాబాకు భారత ప్రమాణాల ప్రకారం లెక్కించే భారం చదరపు మీటరుకు 150 కిలోలే, 6 అంగుళాల తడి మట్టి దాదాపు 270 కిలోలు తూగుతుంది. ఇంజినీరు చెప్పకుండా డాబా మీద మట్టి పరచొద్దు.

కుప్పను రెండు మూడు రోజుల్లో ఎత్తించండి, అంతవరకు టార్పాలిన్ కప్పండి. ఒక లోడు అంటే 200 నుంచి 250 తట్టలు, దాన్ని బట్టి కూలీలను పిలవండి.

పరిచేముందు పాత నేలను గడ్డపారతో 4 అంగుళాలు గుల్ల చేయాలి. గట్టి నేల మీద కొత్త మట్టి పోస్తే నీరు రెండు పొరల మధ్య నిలిచి వేళ్లు కుళ్లుతాయి. మూడంగుళాలు పోసి పాతదానితో కలిపి, ఆపైన మిగతాది పరచండి. తడిగా ఉన్నప్పుడు తొక్కితే ఇటుకలా గట్టిపడుతుంది. ఇంటి నుంచి బయటికి 8 అడుగులకు అంగుళం వాలు ఇవ్వండి. గోడ దగ్గర మట్టి బేస్‌మెంట్ పైఅంచుకు కనీసం 6 అంగుళాల కిందే ఉండాలి, లేకుంటే చెమ్మ, చెద రెండూ ఇంట్లోకి వస్తాయి. చెట్ల మొదళ్లకు ఎగదోయొద్దు.

తర్వాత పది రోజులు తడుపుతూ ఆగండి. కలుపు మొలుస్తుంది, పీకేయండి. గుంటలు పడ్డచోట నింపి, అప్పుడే గడ్డి నాటండి. పది పన్నెండు తట్టల మట్టి జల్లెడ పట్టి పక్కన ఉంచుకుంటే, నెల తర్వాత లాన్‌లో కుంగిన చోట్లకు మళ్లీ లోడు పిలవాల్సిన పని ఉండదు.