జాజ్ వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: సోలోలో దారి తప్పకుండా

పోయిన పాఠంలో 12 బార్ల బ్లూస్‌ని (బార్ అంటే కొన్ని బీట్‌ల ఒక కొలత; బ్లూస్ అంటే అలాంటి 12 బార్లు తిరిగి తిరిగి వచ్చే పాట రూపం) వేళ్ళ మీద లెక్కపెట్టడం సాధన చేశాం. ఆ లెక్క ఇంకా తడబడుతుంటే ఈ పాఠానికి తొందరపడకండి, ఇంకొన్నాళ్ళు దాని మీదే ఉండండి. ఈసారి లెక్కను చేతికి వదిలేసి, చెవిని సోలో మీద, అంటే ఒక్కరు ముందుకొచ్చి అప్పటికప్పుడు అల్లి వాయించే భాగం మీద, పెట్టాలి.

పాఠమంతా ఒకే రికార్డు మీద: సోనీ రాలిన్స్ 'శాక్సోఫోన్ కొలోసస్'. 1956 జూన్ 22న న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ తన అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో నడిపిన స్టూడియోలో రికార్డయింది. టెనార్ శాక్సోఫోన్ రాలిన్స్, పియానో టామీ ఫ్లానగన్, బేస్ డగ్ వాట్కిన్స్, డ్రమ్స్ మ్యాక్స్ రోచ్. హార్డ్ బాప్ (1950ల నాటి ఒక జాజ్ శైలి) బృందాల్లో సాధారణంగా ట్రంపెట్, శాక్సోఫోన్ పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ ఊదేది ఒక్కరే. ఎవరి సోలో ఎక్కడ అయిపోయిందన్న అయోమయం ఉండదు కాబట్టే, కొత్తగా వినేవాళ్ళకి నేను ముందు ఇదే చెబుతాను.

మొదటి ట్రాక్ 'సెయింట్ థామస్' పెట్టండి. రాలిన్స్ పుట్టింది న్యూయార్క్‌లోనే అయినా, వాళ్ళమ్మది కరీబియన్‌లోని వర్జిన్ దీవులు. చిన్నప్పుడు ఆమె నోట విన్న బాణీ ఇది. మొత్తం 16 బార్లు. మొదట సోలో జోలికే వెళ్ళకండి. బాణీ ఒక్కటే మళ్ళీ మళ్ళీ విని, పని చేసుకుంటూ కూడా కూనిరాగం తీయగలిగేంతగా నోటికి తెచ్చుకోండి.

తర్వాత సోలో మొదలైనా మీ కూనిరాగం ఆపకండి. రాలిన్స్ పైన ఏం వాయిస్తున్నా, మీ గొంతులో అసలు బాణీ నడుస్తూనే ఉండాలి. అది పూర్తయ్యేసరికి ఒక చుట్టు అయినట్టు. దాన్నే కోరస్ అంటారు. కచేరీల్లో ఆవర్తనం లెక్కపెట్టే అలవాటున్నవాళ్ళకి ఇది తొందరగా పట్టుబడుతుంది. మిగతావాళ్ళకి మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది, దారి తప్పుతారు. తప్పితే ట్రాక్ మళ్ళీ మొదటికి తెచ్చుకోండి, మధ్యలో ఊహించి కలవొద్దు.

ఇక అసలు విషయం. సోలో మొదట్లో రాలిన్స్ వాయించేది రెండే స్వరాలు. వాయించి ఆగుతాడు. మళ్ళీ అవే రెండు, ఈసారి బీట్‌కి కాస్త అటో ఇటో. మళ్ళీ ఆగుతాడు. ఆ ఖాళీల్లో రోచ్ డ్రమ్స్ వినండి. ఎంత వేగంగానైనా వాయించగల రాలిన్స్, అంత చిన్న మాటని పట్టుకుని, తిప్పి, పొడిగించి, దాన్నుంచే సోలో మొత్తం పెంచుకొస్తాడు. నాకు ఈ రికార్డులో అన్నిటికంటే విలువైన చోటు ఇదే. కాగితం దగ్గర పెట్టుకుని ఆ రెండు స్వరాలు వినబడ్డప్పుడల్లా ఒక గీత గీయండి.

డ్రమ్ సోలో తర్వాత రాలిన్స్ తిరిగొచ్చేసరికి కలిప్సో (కరీబియన్ పాటల లయ) నడక పోయి స్వింగ్ (జాజ్‌కి అలవాటైన ఊగే లయ) వస్తుంది. వాట్కిన్స్ బేస్ బీట్‌కో స్వరం చొప్పున నడుస్తుంది. తాళం మారినట్టు అనిపిస్తుంది గానీ, 16 బార్ల చుట్టు అదే. కూనిరాగం వదలకపోతే మీకే తెలుస్తుంది.

రాలిన్స్, రోచ్ అప్పటికి ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్‌తో ఒకే బృందంలో వాయిస్తున్నారు. ఒకరి ఖాళీని ఒకరు అంత బాగా ఎరగడం అక్కడిదే. ఈ రికార్డింగ్ అయిన నాలుగు రోజులకే, జూన్ 26న, బ్రౌన్ కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్ళు.

చివరి ట్రాక్ 'బ్లూ 7' 11 నిమిషాల పైనే. వాట్కిన్స్ బేస్ ఒక్కటే మొదలుపెడుతుంది, అక్కడే లెక్క అందుకోండి. ఇది మీకు తెలిసిన 12 బార్ల బ్లూసే. సంగీతకారుడు, విమర్శకుడు గుంథర్ షుల్లర్ 1958లో రాసిన పేరున్న విశ్లేషణ దీని మీదే: బాణీలోని చిన్న ముక్కలతోనే రాలిన్స్ సోలో అల్లాడని వివరంగా చూపించాడు. అది చదవడం తర్వాత. ముందు మీ చెవితో ఒక్క ముక్కనైనా పట్టుకోండి. రోచ్ సోలోని కూడా అలాగే వినండి, అతనూ కొద్ది దరువులనే మార్చి మార్చి వాడతాడు.

ఈ వారం అభ్యాసం: రోజూ 'సెయింట్ థామస్' ఒకసారి కూనిరాగంతో, ఒకసారి గీతలతో. 'బ్లూ 7' వారాంతంలో. వచ్చే పాఠం ఈ రికార్డులోనే ఉన్న 'మోరిటాట్' మీద. 1928లో బెర్లిన్ నాటకశాల కోసం కుర్ట్ వైల్ కట్టిన బాణీని రాలిన్స్ సోలోకి ముందే ఎంత మార్చాడో చూద్దాం.