చదవలేని భాషలో చేసిన సంతకం: పెద్దవారి పాలసీని రద్దు చేయించే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో చాలామంది పెద్దవారు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతారు. చదవడం మాత్రం ఏదో ఒక లిపిలోనే వచ్చు, కొందరికి సంతకం వరకే వచ్చు. బీమా ప్రపోజల్ ఫారం వారి ముందుకు వచ్చేది ఇంగ్లీషులో. మా పిన్ని విషయంలో జరిగినది ఇదే. డిపాజిట్ గడువు తీరిందని బ్యాంకుకు వెళ్లిన ఆమెకు "ఇది కూడా డిపాజిట్టేనమ్మా, వడ్డీ కాస్త ఎక్కువ" అని చెప్పి, పదేళ్లపాటు ఏటా 50,000 రూపాయలు కట్టవలసిన పాలసీ మీద సంతకం పెట్టించారు. కుటుంబ పింఛను తప్ప మరో రాబడి లేని 71 ఏళ్ల మనిషికి అది తగినది కాదని తెలుసుకోవడానికి బీమా శాస్త్రం చదవనక్కరలేదు.

ఇటువంటి సంగతి బయటపడగానే మనవాళ్లు చేసే మొదటి తప్పు కేకలు వేయడం. కేకలు విన్న పెద్దవారు కాగితాలు దాచేస్తారు, లేదా "నేనే కావాలని తీసుకున్నాను" అని పట్టుబడతారు, ఆ మాట తరువాత కంపెనీకి ఆయుధమవుతుంది. కనుక ముందుగా ఎవరు వచ్చారు, ఏమి చెప్పారు, ఏ భాషలో చెప్పారు, ఎన్నిచోట్ల సంతకాలు తీసుకున్నారు అని నెమ్మదిగా అడిగి, వారి మాటల్లోనే తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. ఆ పాలసీ నిజంగా పనికిరానిదేనా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఏళ్ల తరబడి నడుస్తున్న ఆరోగ్య బీమాను కోపంలో రద్దు చేస్తే, కొత్త పాలసీలో పాత జబ్బులకు మళ్లీ నిరీక్షణ కాలం (క్లెయిము చెల్లించని గడువు) మొదలు కావచ్చు. అటువంటి పాలసీ నచ్చకపోతే, రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేసి, మరో కంపెనీకి పోర్ట్ చేసుకోవడం, అంటే నిరీక్షణ కాలం పోకుండా మార్చుకోవడం, మేలు.

రద్దే సరైనదని తేలితే ఇక తేదీలతోనే పని. జీవిత బీమా పాలసీకైనా, ఏడాదికి తక్కువ కాని ఆరోగ్య బీమా పాలసీకైనా, పత్రం చేతికి అందిన నాటి నుంచి 30 రోజుల ఫ్రీలుక్ గడువు, అంటే చదివి చూసి నచ్చకపోతే రద్దు చేసుకునే గడువు, ఉంటుంది. సాధారణ పాలసీలకు ఇది 15 రోజులుగా ఉండేది, 2024 నిబంధనలతో అన్నింటికీ 30 అయింది. పాత లెక్కే చెప్పి గడువు దాటిపోయిందనే ఏజెంట్లు ఇప్పటికీ కనబడతారు. గడువు మొదలయ్యేది సంతకం చేసిన రోజున కాదు, బాండు (పాలసీ పత్రం) అందిన రోజున. అందువల్ల పోస్టు కవరును పారేయకుండా, దాని మీది స్పీడ్ పోస్టు నంబరుతో డెలివరీ తేదీని చూసి, ఆ పేజీని అచ్చు తీసి ఉంచుకోవాలి. బాండును ఈమెయిల్‌లో పంపామని కంపెనీ అంటే, పాలసీ మొదటి పేజీలో ఉన్న ఫోను నంబరు, ఈమెయిల్ ఎవరివో చూడండి. మా పిన్నికి ఈమెయిలే లేదు, ఫారంలో ఉన్నది అమ్మినవారిది. ఇలా కనబడితే బాండు ఎవరికి, ఎప్పుడు, ఎలా అందిందో రుజువు చూపమని రాతపూర్వకంగా అడగాలి.

రద్దు లేఖ చిన్నదైతే చాలు. పాలసీ నంబరు, బాండు అందిన తేదీ, "ఈ నిబంధనలు నాకు సమ్మతం కావు, ఫ్రీలుక్ కింద పాలసీని రద్దు చేసి సొమ్ము నా ఖాతాలో జమ చేయగలరు" అన్న వాక్యం, పాలసీదారు సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. దాని కింద "ఈ లేఖను ఆమెకు తెలుగులో చదివి వినిపించాను" అని మరొకరు రాసి సంతకం పెడితే మంచిది. ఏజెంటు చేయవలసి ఉండి చేయని పని అది. అసలు బాండు, గుర్తింపు కార్డు నకలు, పాస్‌బుక్ మొదటి పేజీ నకలు లేదా రద్దు చేసిన చెక్కు జతచేసి, బాండులోని ప్రతి పేజీకి ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి. వీటిని అమ్మినవారి చేతికి మాత్రం ఇవ్వకూడదు. "నేనే పంపిస్తాను" అని తీసుకున్న కవరు 31వ రోజు దాకా సొరుగులోనే ఉండిపోవచ్చు. కంపెనీ శాఖలోనే ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. శాఖ దూరమైతే స్పీడ్ పోస్టులో పంపి, అదే రోజు ఈమెయిల్ కూడా చేయాలి.

లేఖ అందిన తరువాత కంపెనీ నుంచి ఫోను వస్తుంది. రద్దు వద్దని బుజ్జగించడానికి వచ్చే ఆ ఫోనే నా దృష్టిలో ఈ వ్యవహారమంతటిలో ప్రమాదకరమైన ఘట్టం. మన పెద్దవారి నోట "అలాగే బాబూ" అన్న మాట మర్యాద కొద్దీ వస్తుంది, అవతలి రికార్డులో అది అంగీకారమవుతుంది. పాలసీ ఇచ్చే ముందు వచ్చిన పరిశీలన ఫోనులోనూ "అన్నిటికీ అవుననండి" అని పక్కన కూర్చున్నవారు నేర్పించే ఉంటారు. అందుచేత మీరు పక్కన ఉండండి, కాని ఆమె బదులు మీరు మాట్లాడకండి. "నాకు రద్దే కావాలి, ఏదైనా ఉంటే కాగితం మీద పంపండి" అన్న ఒక్క వాక్యాన్ని రెండు మూడుసార్లు పలికించి చూస్తే ఆమెకు ధైర్యం వస్తుంది. ఓటీపీ అడిగితే చెప్పవద్దని మాత్రం గట్టిగా చెప్పాలి.

కట్టిన ప్రీమియంలో కవర్ నడిచిన రోజుల రిస్కు ప్రీమియం (ఆ రోజుల బీమా రక్షణకు అయ్యే భాగం), వైద్య పరీక్ష జరిగి ఉంటే దాని ఖర్చు, స్టాంపు సుంకం తగ్గించి, మిగిలినది 7 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. యూలిప్ (ప్రీమియంలో కొంత మార్కెట్లో పెట్టే పాలసీ) అయితే యూనిట్ల ఆనాటి ధరను బట్టి మొత్తం కొంత మారుతుంది.

గడువు నిజంగానే దాటిపోయి ఉంటే వెంటనే సరెండర్ ఫారం మీద సంతకం పెట్టించకండి. అది నష్టాన్ని ఒప్పుకొని బయటపడే దారి. దానికంటే ముందు, అబద్ధం చెప్పి పాలసీ అంటగట్టారన్న ఫిర్యాదుతో మొత్తం సొమ్ము అడగవచ్చు. ఇందుకు ప్రపోజల్ ఫారం నకలు తెప్పించుకొని మూడు చోట్ల చూడాలి: వార్షిక ఆదాయం ఎంత రాశారు, వృత్తి ఏమని రాశారు, చివర్లో ప్రాంతీయ భాషలో సంతకం చేసినవారి కోసం ఉండే ధ్రువీకరణలో ఏ భాషలో వివరించామన్నారు. తెలుగులో సంతకం చేసిన మనిషికి ఇంగ్లీషులో వివరించామని ఉన్నా, ఆ గడి ఖాళీగా ఉన్నా, పింఛనుదారును వ్యాపారిగా చూపినా, మీ ఫిర్యాదుకు అంతకంటే బలమైన ఆధారం దొరకదు. జ్ఞాపకశక్తి తగ్గినవారైతే, సంతకం నాటికి ముందు నుంచే చికిత్స జరుగుతోందని చూపే వైద్యుని చీటీలు కూడా జతచేయాలి. తన మంచిచెడ్డలను గ్రహించలేని స్థితిలో చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నిలవదు.

ఫిర్యాదు మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వెళ్లాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు ఫోను చేసి గానీ దానిని నమోదు చేయించవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే అధికారిని) ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, లాయరును పెట్టుకోవడానికి వీలు లేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. ఫిర్యాదు మాత్రం పాలసీదారు పేరనే, ఆమె సంతకంతోనే వెళ్లాలి. ఒడిశావాసులకు భువనేశ్వర్ కార్యాలయం వర్తిస్తుంది. అయితే నివాసాన్ని బట్టే కాక, కంపెనీ శాఖ ఉన్న చోటును బట్టి కూడా పరిధి ఉంటుంది. పాలసీ శ్రీకాకుళం వైపు శాఖ నుంచి వచ్చినదైతే ఆంధ్రప్రదేశ్‌ను చూసే హైదరాబాదు కార్యాలయానికి రాయవచ్చు. తన గోడును తెలుగులోనే చెప్పుకోవాలనుకునే మనిషికి ఇది చిన్న సౌలభ్యం కాదు. అమ్మినది బ్యాంకు అయితే, బ్యాంకుకు విడిగా ఫిర్యాదు చేసి, అక్కడా నెల గడిస్తే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయాలి.

ఫిర్యాదు నడుస్తుండగా "ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాత పాలసీకి బోనస్ వచ్చింది, మరో చిన్న పాలసీ తీసుకుంటే విడుదల చేస్తాం" అనే ఫోన్లు వస్తాయి. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనస్ ప్రకటించదు. మా పిన్నికి ఇటువంటి ఫోన్లు రెండు వచ్చాయి, రెండోదానికి ఆమే "మా అబ్బాయితో రాతపూర్వకంగా మాట్లాడండి" అని పెట్టేసింది.

చివరగా, రద్దు ఖరారైనా బ్యాంకులో ఇచ్చిన ఆటోడెబిట్ అనుమతి దానంతట అదే పోయిందనుకోకండి. శాఖకు వెళ్లి ఆ మాండేటును రద్దు చేయమని రాసిచ్చి, రసీదు తీసుకొని, వచ్చే ప్రీమియం తేదీకి మరుసటి రోజున పాస్‌బుక్ ఎక్కించి చూడండి.