సీలో జేసన్ చదవడానికి జాస్మిన్: టోకెన్లు ఇచ్చేదేమిటి, మీరు చూసుకోవాల్సిందేమిటి

జాస్మిన్ (jsmn) అంటే సీ భాషలో జేసన్ టెక్స్ట్ చదివే చిన్న లైబ్రరీ, మొత్తం ఒక్క హెడర్ ఫైలు. అది మెమరీ కేటాయించే మాలాక్ ఫంక్షన్‌ను పిలవదు, డేటాను ఎక్కడికీ కాపీ చేయదు. మీరిచ్చిన టెక్స్ట్‌లో ఏ విలువ ఎన్నో బైట్ దగ్గర మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తులు పెట్టి ఇస్తుంది, అంతే. ఆ గుర్తులే టోకెన్లు. చిన్న మైక్రోకంట్రోలర్ల మీద హాయిగా నడిచేది అందుకే. విలువను సరిచూడటం, మార్చుకోవడం మాత్రం పూర్తిగా మీ కోడ్ బాధ్యత.

హెడర్‌ను ఒక సీ ఫైలులో మామూలుగా ఇన్‌క్లూడ్ చేయండి. మిగతా ఫైళ్లలో దానికి ముందు "జేఎస్ఎంఎన్ హెడర్" (JSMN_HEADER) మాక్రో డిఫైన్ చేయాలి. లేకపోతే ఒకే ఫంక్షన్ రెండు చోట్ల ఉందని లింకర్ ఎర్రర్ ఇస్తుంది. తనిఖీని పెంచే స్ట్రిక్ట్ (JSMN_STRICT), ప్రతి టోకెన్‌లో దాని పై టోకెన్ ఏదో దాచే పేరెంట్ లింక్స్ (JSMN_PARENT_LINKS) అనే మాక్రోలు కూడా పెట్టుకోండి, అయితే కోడ్‌లో కాదు, కంపైలర్ ఫ్లాగులుగా. ఇంటిజర్ 4 బైట్లుండే మెషీన్‌లో టోకెన్ సైజు మామూలుగా 16 బైట్లు, పేరెంట్ లింక్స్ ఉంటే 20. ఒక ఫైలులో ఆ మాక్రో ఉండి మరో ఫైలులో లేకపోతే, రెండూ ఒకే అర్రేను వేర్వేరు కొలతలతో చదివి మెమరీని పాడుచేస్తాయి.

ఆ 4 బైట్లు దండగ కాదు. పేరెంట్ లింక్స్ లేనప్పుడు, బ్రాకెట్ మూసిన ప్రతిసారీ ఇంకా తెరిచి ఉన్న పై టోకెన్ కోసం లైబ్రరీ వెనక్కి వెతుకుతుంది. పెద్ద అర్రేలో వేల ఆబ్జెక్టులుంటే ఆ వెతుకులాటకే సమయమంతా పోతుంది.

వాడకానికి రెండే ఫంక్షన్లు. ముందు ఇనిట్‌తో పార్సర్‌ను, అంటే ఎక్కడిదాకా చదివిందో గుర్తుంచుకునే స్ట్రక్చర్‌ను, సిద్ధం చేయండి. తర్వాత పార్స్‌కు పార్సర్, టెక్స్ట్, టెక్స్ట్ పొడవు, టోకెన్ అర్రే, అందులో ఎన్ని టోకెన్లు పడతాయో ఇవ్వండి. ఉదాహరణకు ఈ టెక్స్ట్:

{"పేరు":"గది","వేడి":31.5,"లెక్కలు":[30,31,32]}

దీనికి పార్స్ 10 తిరిగిస్తుంది: ఆబ్జెక్ట్ ఒకటి, కీలు మూడు, "గది", 31.5, అర్రే, అందులోని మూడు సంఖ్యలు. ఆబ్జెక్ట్ టోకెన్‌లో సైజు 3, అంటే కీల సంఖ్య. ప్రతి కీ టోకెన్ సైజు 1. "పేరు" టోకెన్ 2 దగ్గర మొదలై 14 దగ్గర ముగుస్తుంది. కోట్ గుర్తులు అందులో కలవవు, ముగింపు స్థానంలోని బైట్ కూడా కలవదు. నాలుగు యూనికోడ్ గుర్తులకు 12 బైట్లు ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. బఫర్ సైజు అక్షరాలు లెక్కపెట్టి నిర్ణయిస్తే తప్పుతుంది.

తిరిగొచ్చిన సంఖ్య మైనస్ అయితే ఆగండి. -1 అంటే టోకెన్లు చాలలేదు: అర్రేను పెంచి, అదే పార్సర్‌తో మళ్లీ పిలిస్తే ఆగిన చోటు నుంచి సాగుతుంది. -2 అంటే టెక్స్ట్ చెడిపోయింది. -3 అంటే ఇంకా డేటా రావాలి. ఎన్ని టోకెన్లు కావాలో ముందే తెలుసుకోవాలంటే టోకెన్ అర్రే స్థానంలో నల్ పాయింటర్ ఇవ్వండి, లెక్క వస్తుంది. అసలు పార్స్‌కు ముందు ఇనిట్ మళ్లీ పిలవాలి, పార్సర్ అప్పటికే టెక్స్ట్ చివరికి చేరి ఉంటుంది కదా. ఇంకో సంగతి: లెక్కించే ఆ విడతలో బ్రాకెట్లు సరిపోయాయో లేదో చూడదు. లెక్క వచ్చినంత మాత్రాన జేసన్ సరైనదని అనుకోకండి.

స్ట్రిక్ట్ మోడ్‌లోనూ పూర్తి తనిఖీ జరగదు. కామా లేని [1 2] కూడా దాటిపోతుంది, 1x అన్నది కూడా సంఖ్యలాగే వస్తుంది. సంఖ్యను స్ట్రింగ్-టు-లాంగ్ (strtol) ఫంక్షన్‌తో మార్చాక, అది ఆగిన చోటు టోకెన్ ముగింపుతో సమానమో కాదో తప్పక పోల్చండి. ఆ ఫంక్షన్‌కు పొడవు తెలియదు కాబట్టి బఫర్ చివర సున్నా బైట్ ఉండాలి. నెట్‌వర్క్ నుంచి వచ్చిన డేటాకు అది ఉండదు, మీరే చేర్చాలి.

కీలను పోల్చేటప్పుడు ముందు పొడవులు, తర్వాత బైట్లు. టోకెన్ పొడవు మేరకే బైట్లు చూస్తే "వేడి" అన్న కీ "వేడిమి"తో కూడా సరిపోయినట్టు కనిపిస్తుంది. అక్కర్లేని కీ ఎదురైతే దాని విలువలో ఎన్ని పొరలున్నా రికర్షన్ అక్కర్లేదు: ఆ విలువ ముగింపు స్థానం కన్నా ముందు మొదలయ్యే టోకెన్లన్నీ దాటేయండి. అర్రే హద్దు మాత్రం ప్రతి అడుగులోనూ చూసుకోవాలి.

స్ట్రింగ్‌లలోని బ్యాక్‌స్లాష్ గుర్తులు విప్పకుండానే వస్తాయి. \u0C05 అని వస్తే అది "అ"గా మారదు, ఆరు బైట్లుగానే ఉంటుంది, దాన్ని యూటీఎఫ్-8లోకి మార్చే కోడ్ మీరే రాయాలి. ఎమోజీల వంటివి అలాంటి రెండు గుర్తుల జంటగా వస్తాయి, రెండూ కలిపి విప్పాలి. టోకెన్లన్నీ ఆ టెక్స్ట్‌లోని స్థానాలే గనుక, బఫర్ రీఅలాక్‌తో వేరే చోటికి జరిగినా అవి చెల్లుతాయి. ఫ్రీ చేశాక గానీ, అదే బఫర్‌లోకి తర్వాతి మెసేజ్ చదివాక గానీ చెల్లవు. ఆలోపే కావలసినవి కాపీ చేసుకోండి.