చర్చి ఉద్యమంలో చేరే ముందు దాని వెబ్‌సైటును ఎలా చదవాలి?

తమ్ముడి వరసయ్యే అబ్బాయి ఒకడు ఒక రాత్రి లింకు పంపి, "అన్నా, వీళ్లు ఎలాంటివాళ్లో కాస్త చూడవా? శనివారం బైబిల్ స్టడీకి వస్తానని మాటిచ్చాను" అన్నాడు. తెరిచాను. మొదటి పేజీ నిండా ఒక వీడియో. నీళ్లలోంచి బాప్తిస్మం పొంది లేస్తున్న యువకుడు, చుట్టూ చప్పట్లు, కౌగిలింతలు, కళ్లలో నీళ్లు. కింద పెద్ద అక్షరాలతో "మీకోసం ఒక కుటుంబం ఎదురుచూస్తోంది" అని, దాని కింద ఫోన్ నంబరు నింపే గడి. ఆ సైటంతా తిరిగాను. సంఘాన్ని నడిపేది ఎవరో, అది ఏ ఉద్యమానికి చెందిందో, వేరే సంఘంలో తీసుకున్న బాప్తిస్మాన్ని వాళ్లు ఒప్పుకుంటారో లేదో ఎక్కడా దొరకలేదు.

నేనూ విశ్వాసినే. సంఘం మనిషిని ఎంతగా నిలబెడుతుందో అనుభవంతో తెలుసు. అందుకే ఈ పని శ్రద్ధగా చేయాలంటాను. సైటులో ఉన్నది అబద్ధం కాకపోవచ్చు. మీ జీవితం మీద రేపు ఎవరి మాట చెల్లుతుందన్నది మాత్రం మొదటి పేజీలో ఉండదు. దాన్ని వెతుక్కోవాలి. ఆ రాత్రి చేసిన పనినే వరసగా రాస్తున్నాను. ఉదాహరణకు ఇంటర్నేషనల్ చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ ఉద్యమాన్ని తీసుకుంటాను. ఆ అబ్బాయి పంపిన సంఘం ఇదే అనుకోకండి. దీని చరిత్ర బాగా నమోదై ఉంది, అందుకని ఎంచుకున్నాను.

1. ముందు పేరు తేల్చుకోండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. "చర్చ్ ఆఫ్ క్రైస్ట్" అని వెతికితే ఒకదానితో ఒకటి సంబంధం లేని సంఘాలు వరసగా వస్తాయి. తొలి సంఘపు పద్ధతికి తిరిగి వెళ్లాలన్న పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పునరుద్ధరణ ఉద్యమం నుంచి వచ్చిన చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం వాయిద్యాలు లేకుండా పాడతాయి, ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. 1957లో ఏర్పడిన యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ పూర్తిగా వేరు.

మన ఉదాహరణలోని ఉద్యమం ఆ మొదటి కోవలోంచే చీలింది. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో చక్ లూకాస్ నడిపిన క్రాస్‌రోడ్స్ సంఘంలో, విశ్వవిద్యాలయ విద్యార్థుల మధ్య దాని వేళ్లున్నాయి. అక్కడ విద్యార్థిగా మారుమనస్సు పొందిన కిప్ మెకీన్ 1979లో బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్‌లో ఒక చిన్న సంఘానికి నాయకుడయ్యాడు. అదే బోస్టన్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అయింది. అందుకే పాత వ్యాసాలు దీన్ని "బోస్టన్ ఉద్యమం" అంటాయి. తర్వాత అతను ఆ ఉద్యమాన్ని వదిలి, ఇంటర్నేషనల్ క్రిస్టియన్ చర్చెస్ అనే కొత్త ఉద్యమం మొదలుపెట్టాడు. వినడానికి రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, సంస్థలు మాత్రం వేరు. ఒకదాని మీద ఉన్న ఫిర్యాదును రెండోదానికి అంటగట్టడం అన్యాయం. ఒకదాని మీద ఫిర్యాదు దొరకలేదని రెండోదాన్ని నమ్మేయడం ప్రమాదం.

స్థానికంగా ఊరి పేరు ముందు పెట్టుకుంటారు. విద్యార్థుల బృందానికి, పాటల కార్యక్రమానికి, సేవాసంస్థకు ఇంకో పేరు ఉండవచ్చు. అసలు పేరు కోసం మూడు చోట్ల చూడండి: పేజీ అట్టడుగున కాపీరైట్ వాక్యం, గోప్యతా విధానం పేజీ, కానుక చెల్లించే పేజీలో డబ్బు అందుకునే సంస్థ పేరు. చట్టప్రకారం నమోదైన పేరు ఈ మూడింట్లో ఒకచోట సాధారణంగా బయటపడుతుంది. అది కాగితం మీద రాసుకుని, ఇకమీదట దాంతోనే వెతకండి.

2. పాత పేజీలు తీయండి

వేబ్యాక్ మెషీన్ అనే ఉచిత సేవ 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. సైటు చిరునామా అందులో అతికిస్తే క్యాలెండరు వస్తుంది. చుక్క ఉన్న తేదీని నొక్కితే ఆ రోజు పేజీ ఎలా ఉండేదో కనిపిస్తుంది. మొట్టమొదటి కాపీ, మధ్యలో ఒకటి, నిరుటిది ఒకటి తెరవండి. అన్నీ చదవక్కర్లేదు. నాయకులు, విశ్వాసాలు, చరిత్ర అనే మూడు పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి చాలు. నాయకుడి పేరు ఎప్పుడు మాయమైంది? ఏ వాక్యం మెత్తబడింది? మార్పు ఉన్నంత మాత్రాన తప్పు పట్టకూడదు. నిజంగా దిద్దుకున్నవాళ్లు కూడా పేజీ మారుస్తారు. తేడా ఏమిటంటే, దిద్దుకున్నవాళ్లు ఎందుకు మార్చారో ఎక్కడో ఒకచోట చెబుతారు.

ఫేస్‌బుక్ పేజీ ఉంటే అందులో పారదర్శకత విభాగం తెరవండి. పేజీ ఎప్పుడు మొదలైందో, పేరు ఎన్నిసార్లు మారిందో చూపిస్తుంది.

3. చరిత్ర పేజీలో ఖాళీ సంవత్సరాలు వెతకండి

ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ప్రతి ఉద్యమం చరిత్ర పేజీలోనూ ఎదుగుదల ఉంటుంది: ఫలానా ఏడాది ఫలానా నగరంలో సంఘం నాటాం, ఇంతమంది చేరారు అని. మధ్యలో కొన్ని సంవత్సరాలు చప్పుడు లేకుండా దాటిపోయాయంటే అక్కడ ఆగండి.

మన ఉదాహరణలో ఆ సంవత్సరాలు 2002, 2003. అంతకుముందు ఈ ఉద్యమం ఎంత వేగంగా సాగిందంటే, లక్ష జనాభా ఉన్న నగరం కలిగిన ప్రతి దేశంలోనూ 2000 నాటికి సంఘం నాటాలని 1994లో ప్రతిజ్ఞ చేసింది. ప్రతి సభ్యుడికీ పైన ఒక శిష్యత్వ గురువు, ఆయనకు పైన ఇంకొకరు, అలా నిచ్చెనలా ఏర్పాటు. ఎవరితో స్నేహం, ఎవరితో పెళ్లి, ఏ ఉద్యోగం, ఎంత కానుక అన్నదాకా ఆ మాట వెళ్లిందని బయటికి వచ్చినవాళ్లు చెప్పారు. శిష్యుడిగా నిర్ణయించుకున్నాక పొందిన బాప్తిస్మమే నిజమైనదని బోధించారు కాబట్టి, అప్పటికే వేరే చోట బాప్తిస్మం పొందినవాళ్లు ఎందరో మళ్లీ నీళ్లలో దిగారు. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ ప్రాంగణాల్లో ఈ బృందాన్ని నిషేధించాయి.

2002 నవంబరులో మెకీన్ తన పాపాలను, ముఖ్యంగా అహంకారాన్ని ఒప్పుకుంటూ నాయకత్వానికి రాజీనామా చేశాడు. 2003 ఫిబ్రవరిలో లండన్‌లో నాయకుడిగా ఉన్న హెన్రీ క్రీట్ తోటి నాయకులకు పెద్ద ఉత్తరం రాశాడు. చెడిపోయిన అధికార నిచ్చెన, అంకెల పిచ్చి, సిగ్గుపడాల్సిన అహంకారం, ధన వ్యామోహం అని నాలుగు జబ్బులను పేరుపెట్టి చెప్పాడు. ఆ ఉత్తరం ఈమెయిళ్లలో దేశాలు దాటింది. చాలా సంఘాలు సభ్యులకు క్షమాపణలు రాశాయి, కేంద్ర అధికారం కూలిపోయింది. ఆ తర్వాత స్థానిక సంఘాలు ఒక్కొక్కటి ఒక్కో దారిన మారాయి. కొన్ని చాలా మారాయి. అందుకే 1995 నాటి అనుభవాన్ని చూసి ఈనాటి సంఘానికి తీర్పు చెప్పలేం. మీ ముందున్న సంఘం సైటు ఆ రెండేళ్ల గురించి ఏమంటుందో మాత్రం చూడండి. "నాయకత్వంలో మార్పులు వచ్చాయి" అని ఒక్క ముక్కతో వదిలేస్తే ఒక లెక్క. "మేం ఫలానా విధంగా మనుషుల్ని గాయపరిచాం, ఇప్పుడు ఫలానా ఏర్పాటు చేసుకున్నాం" అంటే ఇంకో లెక్క.

4. తియ్యటి మాటకు అర్థం అడగండి

"ఏ శాఖకూ చెందనివాళ్లం" అన్నంత మాత్రాన పైన ఎవరూ లేరని కాదు. "శిష్యత్వం" అంటే వారానికోసారి కలిసి ప్రార్థించడమా, మీ నిర్ణయాలన్నీ ఒకరికి ఒప్పజెప్పడమా? "కుటుంబం" అంటే వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడతారా? "ప్రాథమిక పాఠాలు" ఎన్ని, చివరి పాఠంలో ఏముంటుంది? ఈ ఉద్యమపు పాఠాల వరసలో ఒకచోట మీ పాపాల్ని విప్పి చెప్పుకోవడం, చివర్లో "ఖర్చు లెక్క చూసుకోవడం", అంటే శిష్యుడు కావడానికి ఏమేం వదులుకోవాలో తేల్చుకోవడం ఉండేవి. అన్నీ ముందే తెలిసి కూర్చోవడం వేరు, ఒక్కో పాఠం ఒక్కో మెట్టులా తెరుచుకోవడం వేరు.

సాక్ష్యాల వీడియోలు కూడా చూడండి. ఎవరు మాట్లాడుతున్నారు? ఆ అబ్బాయి పంపిన సైటులో అందరూ కొత్తగా చేరినవాళ్లే. అక్కడే ముసలివాళ్లయినవాళ్లు లేరు. వేరే సంఘానికి మారినా ఆశీర్వదించి పంపారని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

5. డబ్బు, కోర్టులు

అమెరికాలో చర్చిలు ఫారం 990 అనే వార్షిక ఆదాయ పత్రం దాఖలు చేయనక్కర్లేదు. కాబట్టి అక్కడ లెక్కలు దొరకకపోవడం దానంతట అది నేరం కాదు. అయితే సభ్యులకైనా లెక్క చూపిస్తారా అని అడగవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో నమోదైన ధర్మసంస్థలైతే చారిటీ కమిషన్ జాబితాలో పేరుతో వెతికి ఆదాయ వ్యయాలు చూడవచ్చు. అనుబంధ సేవాసంస్థ మంచి పని చేస్తుండవచ్చు. ఈ ఉద్యమానికి 1991లో పుట్టిన హోప్ వరల్డ్‌వైడ్ ఉంది. దాని ఫొటోలు చూసి చర్చి లోపలి పద్ధతి ఎలాంటిదో తెలుసుకోలేం. దశమభాగం కాక, ఏటా ప్రత్యేక కానుక పేరుతో వారపు కానుకకు ఎన్నో రెట్లు అడిగే అలవాటు ఈ ఉద్యమంలో ఉండేది. అలాంటిది ఉందేమో కనుక్కోండి.

2022 డిసెంబరు చివర కాలిఫోర్నియాలో ఈ ఉద్యమం మీదా, మెకీన్ తర్వాత మొదలుపెట్టిన ఉద్యమం మీదా దావాలు పడ్డాయి. లైంగిక వేధింపుల్ని కప్పిపుచ్చారన్నది అందులోని ఆరోపణ. ఆరోపణ తీర్పు కాదు. వార్త శీర్షిక దగ్గర ఆగకుండా ఎవరు, ఎవరి మీద, ఏ ఏడాది సంగతి గురించి చెబుతున్నారో చదవండి. బయటికి వచ్చినవాళ్ల రాతలు చదివేటప్పుడూ అంతే. ఒక్కరి కోపం చూసి నిర్ణయించకండి. ఒకరినొకరు ఎరగని నలుగురు, వేర్వేరు నగరాల నుంచి ఒకే పద్ధతిని వర్ణిస్తే దాన్ని గట్టిగా పట్టించుకోండి.

6. వెళ్లే ముందు రాతలో అడగండి

ఫోన్ నంబరు గడి నింపకముందే మెయిల్ పంపండి. మేం పంపినవి ఇవి:

- మీ సంఘం ఏ ఉద్యమంలో భాగం? ఇంతకుముందు ఏ పేర్లతో ఉండేది?
- నేను ఇదివరకే బాప్తిస్మం తీసుకున్నాను. దాన్ని మీరు ఒప్పుకుంటారా?
- పెళ్లి, చదువు, ఉద్యోగం విషయంలో నా గురువుగా ఉండే వ్యక్తి మాట నేను వినకపోతే ఏమవుతుంది?
- ఎవరైనా వెళ్లిపోతే మీరు వాళ్లతో మాట్లాడతారా?
- నాయకుడి మీద ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి?

"ఇన్ని ప్రశ్నలు వేస్తే నాకు విశ్వాసం లేదనుకుంటారేమో" అన్నాడు అబ్బాయి. పౌలు చెప్పిన మాటనే లేఖనాలు తిప్పి సరిచూసుకున్న బెరయ వాళ్లను ఘనులని అపొస్తలుల కార్యాల్లో రాసి ఉంది కదా అన్నాను. అప్పుడు పంపాడు.

జవాబు అరగంటలో వచ్చింది. "చాలా మంచి ప్రశ్నలు బ్రదర్, శనివారం ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం." రాతలోనే కావాలని మర్యాదగా మళ్లీ రాశాడు. రెండు రోజుల తర్వాత మొదటి ప్రశ్నకు మాత్రం జవాబిచ్చారు. శనివారం వెళ్లలేదు. అదే రోజు అతని పాత సంఘం పాస్టరు దగ్గరికి ఆ మెయిళ్లు పట్టుకుని వెళ్లాం.

వెళ్లి చూడాలనే మీకు అనిపిస్తే, బయటి స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి, తిరిగి రావడానికి మీ ఏర్పాటు మీరే చేసుకోండి. ఆ రోజే బాప్తిస్మం అన్న మాట వస్తే నెల గడువు అడిగి, అడిగినప్పుడు వాళ్ల ముఖాలు ఎలా మారతాయో గమనించండి. ఇప్పటికే లోపల ఉండి ఇది చదువుతున్నవాళ్లైతే, ఈ ప్రశ్నల్ని మీ గురువుకు చూపించే ముందు ఆ సంఘంతో సంబంధం లేని ఇంటి మనిషి ఒకరికి చూపించండి. కానుక ఆటోపే ఎక్కడ ఆపాలో ముందే చూసుకోండి. ఒప్పుకోలుగా రాసిచ్చిన కాగితాలేమైనా ఉంటే తిరిగి అడగండి.