థైరోగ్లోబ్యులిన్ విచ్ఛిన్నాన్ని పటం గీసి వివరించడం ఎలా?

అవటు (థైరాయిడ్) గ్రంథిపై వ్యాసరూప సమాధానం రాసే విద్యార్థులు హార్మోన్ తయారీని పేజీల కొద్దీ వర్ణించి, విడుదలను ఒక్క వాక్యంతో ముగిస్తుంటారు. ఇక్కడ విడుదల అంటే నిల్వ ప్రోటీన్‌ను (థైరోగ్లోబ్యులిన్‌ను) ముక్కలు చేయడమే కాబట్టి, దానికి విడిగా ఒక పటం గీయడం అవసరం.

ముందుగా గ్రంథిలోని ఒక పుటికను (ఫాలికిల్ అనే గుండ్రటి చిన్న సంచిని) పెద్దదిగా గీయండి: చుట్టూ ఒకే వరుసలో కణాలు, నడుమ జిగురులాంటి కొల్లాయిడ్. సుమారు 660 కిలోడాల్టన్ల థైరోగ్లోబ్యులిన్ నిల్వ ఉండేది ఈ కొల్లాయిడ్‌లో, అంటే కణాల వెలుపల. థైరాక్సిన్ అనే హార్మోన్ అప్పటికే ఆ ప్రోటీన్ గొలుసులో భాగమై ఉంటుంది గనుక, గొలుసు తెగితే తప్ప బయటికి రాలేదు.

కొల్లాయిడ్‌ను ఆనుకొన్న కణాల అంచున ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌లైన కాథెప్సిన్ బి, కె, ఎల్, ఎస్‌లను గుర్తించండి. అడ్డబంధాలతో గట్టిపడిన థైరోగ్లోబ్యులిన్‌ను ఇవి అక్కడే కొంతవరకు కరిగిస్తాయి. సాధారణ పటాల్లో తరచుగా కనిపించని మెట్టు ఇదే. పీయూష గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్ (అవటు గ్రంథిని ప్రేరేపించే హార్మోన్) ప్రేరేపించినప్పుడు కణాలు కొల్లాయిడ్‌ను బిందువులుగా లోపలికి తీసుకుంటాయి, ఆ బిందువులు కణంలోని జీర్ణసంచులైన లైసోసోమ్‌లతో కలిసిపోతాయి. అక్కడి ఆమ్ల మాధ్యమంలో కాథెప్సిన్ డి, బి, ఎల్ వంటివి గొలుసును నడుమ తెంచగా, ఎక్సోపెప్టిడేజ్‌లు మిగిలిన ముక్కలను కొసల నుంచి కత్తిరిస్తూ పోతాయి.

ఇక్కడి నుంచి రెండు బాణాలు గీయాలి. మొదటిది థైరాక్సిన్, ట్రైఅయోడోథైరోనిన్ అనే హార్మోన్లది. ఇవి ఎంసీటీ8 వంటి వాహక ప్రోటీన్ల ద్వారా రక్తంలోకి చేరతాయి. రెండోది హార్మోన్‌గా మారకుండా మిగిలిన అయోడోటైరోసిన్‌లది, అంటే అయోడిన్ చేరిన టైరోసిన్ అణువులైన మోనోఅయోడోటైరోసిన్, డైఅయోడోటైరోసిన్‌లది. వీటి నుంచి అయోడోటైరోసిన్ డీఅయోడినేజ్ అనే ఎంజైమ్ అయోడైడ్‌ను విడదీసి, తిరిగి హార్మోన్ తయారీకి అందిస్తుంది. హార్మోన్ల జోలికి మాత్రం పోదు. ఈ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవారిలో అయోడోటైరోసిన్‌లు మూత్రంలో పోయి, అయోడిన్ కొరతతో గాయిటర్ (అవటు గ్రంథి వాపు) రావచ్చు. ఈ రెండో బాణాన్ని వదిలేసిన సమాధానాన్ని, నా ఉద్దేశంలో, పూర్తి సమాధానంగా లెక్కించకూడదు.

చివరగా మందులను సరైన చోట గుర్తించండి. అవటు గ్రంథి అతిగా పనిచేసేవారికి ఇచ్చే కార్బిమజోల్ అడ్డుకునేది పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ చేసే హార్మోన్ తయారీని మాత్రమే. నిల్వ ఉన్న ప్రోటీన్ విచ్ఛిన్నం కొనసాగుతూనే ఉంటుంది కనుక, రోగికి ఉపశమనం కనిపించడానికి వారాలు పడుతుంది. అధిక మోతాదు అయోడైడ్, లిథియం విడుదలనే తగ్గిస్తాయి కాబట్టి, వాటి అడ్డుగీతను కొల్లాయిడ్‌కూ రక్తానికీ మధ్యనున్న మార్గంపై వేయాలి.