ఇంట్లో కర్ర లేత్ పని మొదలుపెట్టాలనుకునే హైదరాబాద్ వాళ్లకి

లేత్, అంటే కర్రని తిప్పుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే మెషీన్, ఏది కొనాలి అని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఒకటే, లేత్ సంగతి తర్వాత, ముందు ఉలి సాన పట్టడం నేర్చుకోండి. ఎంత ఖరీదైన మెషీన్ అయినా మొద్దు ఉలి పెడితే నార పీకుతుందే గానీ కోయదు, అదే పదునున్న ఉలైతే చిన్న మినీ లేత్ మీద కూడా పొట్టు రిబ్బన్‌లా పొడుగ్గా లేస్తుంది, కర్ర మీద వేలు పెట్టి చూస్తే గరుకు కాగితం అక్కర్లేదేమో అనిపించేంత నున్నగా వస్తుంది. ఈ పనిలో ఉన్న సంతోషం అంతా అక్కడే ఉంది.

అందుకే డబ్బులన్నీ మెషీన్ మీదే పెట్టేయొద్దు. మీ దగ్గరున్న దాంట్లో సగం లేత్‌కి, మిగతా సగం ఉలులకి, గ్రైండర్‌కి, ఫేస్ షీల్డ్‌కి అని ముందే పక్కన పెట్టుకోండి.

ఫ్లాట్‌లో కుదురుతుందా అంటే కుదురుతుంది. నాలుగడుగుల గట్టి టేబుల్ పట్టే జాగా, వాన జల్లు కొట్టని బాల్కనీ ఉంటే చాలు. అర హెచ్‌పీ మోటార్ అంటే సుమారు 375 వాట్లు, మిక్సీ కంటే తక్కువే, మామూలు ప్లగ్ మీద నడుస్తుంది కానీ ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కింద ఫ్లాట్ వాళ్లని ఇబ్బంది పెట్టేది మోటార్ చప్పుడు కాదు, నేల గుండా వెళ్లే అదురు, కాబట్టి టేబుల్ కాళ్ల కింద మందపాటి రబ్బర్ షీట్ ముక్కలు వేసి, టేబుల్ కింది అరలో ఇసుక బస్తా పెడితే చాలా తగ్గుతుంది. మధ్యాహ్నం పడుకునే టైమ్‌లో మాత్రం ఆన్ చేయకండి.

లేత్ కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. స్పీడ్ మార్చుకునే వీలుండాలి, ఎనిమిది లేదా పది అంగుళాల వ్యాసం కర్ర తిరిగే జాగా ఉండాలి, రెండు వైపులా ఎంటీ2 టేపర్ (సామాన్లు దూర్చి బిగించే కోను ఆకారపు రంధ్రం సైజు) ఉంటే తర్వాత సామాన్లు సులువుగా దొరుకుతాయి. స్పిండిల్ (మోటార్ తిప్పే ఇరుసు) మర సైజు ఎంతో కాగితం మీద రాసుకోండి, రేపు చక్ (కర్రని దవడలతో పట్టుకునే బిగింపు) కొనేటప్పుడు అది మ్యాచ్ కాకపోతే డబ్బులు దండగ. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి రాణిగంజ్ వైపు వెళ్లి టూల్స్ షాపుల్లో చేత్తో ముట్టుకుని చూడండి, టెయిల్‌స్టాక్ (మోటార్‌కి ఎదురుగా కర్ర రెండో కొసని పట్టే భాగం) బిగించాక ఊగుతుందా, రెండు మొనలు ఎదురెదురుగా పెడితే సూటిగా కలుస్తున్నాయా అని. ఫేస్‌ప్లేట్ (కర్రని స్క్రూలతో బిగించే ఇనుప బిళ్ల) లాంటివి మర సైజు చెబితే బాలానగర్ వైపు ఇనుప లేత్ వర్క్‌షాపుల్లో చేయించుకోవచ్చు.

ఉలులు మొదట మూడు చాలు, పలక కర్రని గుండ్రం చేసే రఫింగ్ గౌజ్, వంపులు తీసే స్పిండిల్ గౌజ్, సన్నటి గాడి తీసే పార్టింగ్ టూల్. గౌజ్ అంటే దోనెలా వంపు ఉన్న ఉలి. హెచ్‌ఎస్‌ఎస్, అంటే హై స్పీడ్ స్టీల్‌వే తీసుకోండి, గ్రైండర్ మీద వేడెక్కి నీలం రంగు తిరిగినా వాటి గట్టిదనం పోదు, మామూలు కార్బన్ స్టీల్ అయితే నీలం తిరిగిందంటే ఆ మొన మెత్తబడిపోయినట్టే. పాత ఆకురాయిని అరగదీసి ఉలి చేసుకోవచ్చు కదా అని కొంతమంది చెప్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, ఆకురాయి స్టీల్ పెళుసు, తిరిగే కర్ర ఒక్కసారి గట్టిగా తన్నిందంటే పుటుక్కున విరిగి ముక్క మొహం మీదకి వస్తుంది. వడ్రంగి ఉలులు కూడా దీనికి పనికిరావు.

సాన విషయానికొస్తే, బెంచ్ గ్రైండర్‌తో వచ్చే బూడిద రంగు రాయి తీసేసి తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 80 గ్రిట్‌ది (గరుకుదనం నంబర్), వేసుకోండి. వాలు, అంటే మొన వెనక ఏటవాలుగా అరగదీసే భాగం, స్పిండిల్ గౌజ్‌కి 40 డిగ్రీలు, రఫింగ్ గౌజ్‌కి 45 డిగ్రీలు అనుకుని మొదలుపెడితే సరిపోతుంది. ఉలి వాలు మీద స్కెచ్ పెన్‌తో నల్లగా రుద్ది, గ్రైండర్ ఆఫ్‌లో ఉండగా రాయిని చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఇంకు ఎక్కడ చెరిగిందో అక్కడే రాయి తగులుతోందన్నమాట. మడమ దగ్గర, అంటే వాలుకి మొన లేని చివర, మాత్రమే చెరిగితే ఉలి ఆనించే గ్రైండర్ రెస్ట్ కొంచెం సర్దండి, మొన దగ్గర మాత్రమే చెరిగితే ఇంకో వైపు సర్దండి, మొత్తం ఒకేసారి చెరిగాకే స్విచ్ వేయండి. గట్టిగా నొక్కొద్దు, రాయి మీద ఆనించి మెల్లగా దొర్లించడమే. పని మధ్యలో పొట్టు బదులు పిండి లాంటి దుమ్ము రాలడం మొదలైందంటే మళ్లీ గ్రైండర్ దగ్గరకి వెళ్లాల్సిన టైమ్ అయిందని అర్థం. ఇంకో ముఖ్యమైన మాట, గ్రైండర్ నిప్పురవ్వలు చెక్క పొట్టు కుప్ప మీద పడకుండా దాన్ని దూరంగా పెట్టుకోండి.

జాగ్రత్తల గురించి గట్టిగానే చెప్తా. గ్లౌజులు వేసుకోవద్దు, చున్నీ, వదులు చేతుల కుర్తా, గాజులు, బ్రేస్‌లెట్, మెడలో గొలుసు ఏవీ వద్దు, జడ ఉంటే ముడి వేసి టోపీ కింద పెట్టండి. కళ్లద్దాలు చాలవు, మొహం మొత్తం కప్పే షీల్డ్ కావాలి. దుమ్ముకి ఎన్95 మాస్క్, ముఖ్యంగా ఇరుగుడు అంటే రోజ్‌వుడ్ దుమ్ము కొంతమందికి ఒళ్లు దురద, ఆయాసం తెప్పిస్తుంది. స్పీడ్‌కి ఒక లెక్క ఉంది, కర్ర వ్యాసం అంగుళాల్లో తీసుకుని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. అంటే మూడంగుళాల కర్రకి 2000 నుంచి 3000, అది కూడా గుండ్రంగా అయ్యాక, పలకలుగా ఉన్నప్పుడు అందులో సగం కూడా వద్దు.

కర్ర కోసం హైదరాబాద్‌లో పెద్దగా తిరగక్కర్లేదు. పాత ఇళ్లు కూల్చే చోట టేకు దర్వాజా ముక్కలు దొరుకుతాయి, ఎండి చేవదేరిన కర్ర, కాకపోతే లోపల మేకులు ఉంటాయి కాబట్టి ముందు అయస్కాంతం తిప్పి చూడాలి, పైగా టేకులో సిలికా ఉంటుంది కాబట్టి ఉలి పదును తొందరగా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు కొట్టినప్పుడు కాలనీల్లో కొమ్మలు విరిగి పడతాయి, కోసేవాళ్లని అడిగితే వేప, మామిడి, నిద్రగన్నేరు ముక్కలు ఇస్తారు. నిద్రగన్నేరు గిన్నెలకి చాలా బావుంటుంది. పేరు కలిసింది కదా అని మామూలు గన్నేరు మాత్రం ముట్టుకోవద్దు, అది విషం. నిలబడి ఉన్న చెట్టు జోలికి కూడా పోవద్దు, కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ ఉండాలి. పచ్చి దుంగ ఇంటికి రాగానే రెండు కొసలకీ ఫెవికాల్ మందంగా పూసేయండి, లేకపోతే మన ఎండలకి రెండు రోజుల్లోనే కొసల నుంచి నెర్రెలు పడతాయి.

మొదటి వస్తువుగా గిన్నె వద్దు. పప్పుగుత్తి చేయండి, అందులో లావు, సన్నం, వంపు అన్నీ ఉన్నాయి, పైగా అమ్మ చేతికిస్తే అదే రోజు వాడేస్తుంది. రెండున్నర అంగుళాల పలక, పదమూడు అంగుళాల పొడుగు, ఎండిన వేప తీసుకోండి. రెండు కొసల మీదా మూల నుంచి మూలకి గీతలు గీసి మధ్య పట్టుకోండి, స్పర్ సెంటర్‌ని (మోటార్ వైపు కర్రని పట్టి తిప్పే పళ్ల మొన) లేత్ మీద ఉంచి కొట్టకుండా, కర్రని నేల మీద నిలబెట్టి దాని కొస మధ్యలో పెట్టి కర్ర సుత్తితో కొట్టి దింపండి, తర్వాత లేత్‌కి ఎక్కించి టెయిల్‌స్టాక్ బిగించండి. టూల్ రెస్ట్ (ఉలి ఆనించే ఇనుప పట్టీ) కర్రకి దగ్గరగా, సెంటర్ కంటే కొంచెం కిందకి పెట్టి, స్విచ్ వేసే ముందు కర్రని చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకోండి.

1000 ఆర్‌పీఎం దగ్గర రఫింగ్ గౌజ్‌తో మొదలుపెట్టండి. ఉలి ముందు టూల్ రెస్ట్ మీద ఆనాలి, తర్వాత దాని వాలు కర్రకి తగలాలి, అప్పుడింకా ఏమీ తెగదు, ఉత్తి రుద్దుకున్న చప్పుడే వస్తుంది, ఇప్పుడు చేతిలో ఉన్న పిడిని మెల్లగా పైకి లేపుతూ రండి, ఒక చోట చప్పుడు మారి పొట్టు లేస్తుంది. ఆ చోటు చేతికి అలవాటయ్యేదాకా ఇదే చేస్తూ ఉండండి. వాలు ఆనకుండా మొన ముందు పెడితే కర్ర దాన్ని లాగేసుకుంటుంది, దెబ్బ తగిలేది అప్పుడే. ఎప్పుడూ లావు నుంచి సన్నం వైపే కోయాలి, ఎదురెక్కితే నార లేస్తుంది.

గుండ్రం అయ్యాక, లెక్క ప్రకారం ఇంకా ఎక్కువ పోవచ్చు గానీ మొదటిసారి కాబట్టి 1800కే పెంచి, లావు తలని మోటార్ వైపు ఉంచండి, పిడి వైపు రెండంగుళాలకొకచోట పార్టింగ్ టూల్‌తో గాడి తీసి కాలిపర్‌తో (మందం కొలిచే పనిముట్టు) అంగుళం కొలత చూసుకుని, మధ్యలో మిగిలింది గౌజ్‌తో తీసేయండి. సన్నబడేకొద్దీ కర్ర వణికి మీద మెట్లు మెట్లుగా గీతలు పడతాయి, అప్పుడు బలం తగ్గించి ఉలి మళ్లీ సాన పట్టండి. గరుకు కాగితం 120, 180, 240, 320 వరుసలో, టూల్ రెస్ట్ పక్కకి తీసేసి, స్పీడ్ తగ్గించి, కింది వైపు నుంచి పట్టుకోవాలి, కాగితాన్ని గానీ గుడ్డని గానీ వేళ్లకి చుట్టుకోకూడదు. చివర పెన్సిలంత మిగిలినప్పుడు లేత్ ఆపి రంపంతో కోయండి. తల అడుగున ప్లస్ ఆకారంలో రెండు రంపపు కోతలు, సెంటీమీటర్ లోతు, అంచులు ఆకురాయితో మెత్తగా చేస్తే అయిపోయింది.

వంటింట్లో వాడేదానికి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్‌లో కొంచెం తేనెమైనం కరిగించి పట్టించండి. పల్లీ నూనె రాస్తే కొన్నాళ్లకి ముక్కిపోయిన వాసన వస్తుంది.

బొమ్మలు, బొంగరాలు, లక్కపిడతలు చేయాలనుంటే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వాళ్ల పద్ధతి చూడండి. అంకుడు కర్రని తిప్పుతూ రంగు లక్క కడ్డీ దానికి ఆనిస్తారు, రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. లక్క వేడికి కరుగుతుంది కాబట్టి పప్పుగుత్తికి మాత్రం వద్దు.

పప్పుగుత్తి, అప్పడాల కర్ర చేయి తిరిగాక గిన్నెలకి రండి. దానికి బౌల్ గౌజ్ వేరే కొనాలి, రఫింగ్ గౌజ్ గిన్నె మీద పెట్టారంటే పిడిలోకి వెళ్లే సన్నటి తోక దగ్గర విరుగుతుంది. పచ్చి దుంగతో అయితే రెండు విడతల్లో చేయాలి, మొదటిసారి గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచి ఆరబెట్టండి, ఎనిమిదంగుళాల గిన్నెకి రెండు సెంటీమీటర్లు. దాని పొట్టుతోనే కలిపి కాగితం సంచిలో పెట్టి ఫ్యాన్ గాలి తగలని అలమారలో దాచండి, నెలకోసారి వంటింటి త్రాసు మీద తూచి సంచి మీదే రాస్తూ ఉండండి. బరువు తగ్గడం ఆగేసరికి గిన్నె కోలగా మారి ఉంటుంది, చక్ పట్టుకునే అడుగు భాగం కూడా వంకరపోయి ఉంటుంది కాబట్టి ముందు దాన్ని గుండ్రంగా సరిచేసి, ఆ తర్వాతే చక్‌లో బిగించి లోపలా బయటా తీయండి.